ఎత్తకూడని ఫోను

టీ బ్రేక్‌లో కస్తూరి చేసే మొదటి పని ఇంటికి ఫోన్ చేయడం. ఇంట్లో ఎవరైనా ఎత్తితే మాత్రం ఆమెకి కోపం.

లోకంలో ఎవరైనా ఫోన్ చేసేది అవతలివాళ్లు ఎత్తాలనే కదా. కస్తూరి లెక్క వేరు. చేతికంటిన పిండి కడుక్కుని, ఏప్రన్‌కి తుడుచుకుని, తను వంట చేసే పాటకచేరీల హాలు వెనకాల ఇనప మెట్ల మీద కూర్చుని ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు నొక్కుతుంది. అది మోగి మోగి ఆగుతుంది. టక్కుమని చప్పుడు. ఆ తర్వాత ఆయన గొంతు.

"మేం ఇంట్లో లేం. ఎవరో చెప్పండి, పనేమో చెప్పండి. వచ్చినాక మేమే చేస్తాం."

అచ్చమైన అనంతపురం యాస. కాస్త జలుబు చేసిన గొంతు. వెనకాల కుక్కరు విజిల్. "చేస్తాం" దగ్గర నవ్వాపుకుంటున్నట్టు ఉంటుంది. ఆ మాట అయీ అవగానే కస్తూరి ఫోన్ పెట్టేస్తుంది. అంతే, అది చాలు. మళ్లీ లోపలికెళ్లి బస్తాడు ఉల్లిపాయలు తరగమన్నా తరుగుతుంది. ఆయన పోయి రెండేళ్లయింది. ఇంగ్లండు వచ్చి లీసెస్టర్ ఊరంతా బస్సు తోలిన మనిషి, డిపోలో టీ తాగుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గొంతు మాత్రం ముందుగదిలో, సోఫా పక్క బల్ల మీద, ఫోనుకి తగిలించిన నల్లటి ఆన్సరింగ్ మిషను పెట్టెలో మిగిలింది. ఆ వేళకి ఫోన్ మోగితే ఎత్తొద్దని కూతురు పూజితకి మొదట్లోనే చెప్పి పెట్టింది. చెప్పిన మాట ఆ పిల్ల ఏనాడూ దాటలేదు.

గురువారం రాత్రి అన్నం ముందు కూర్చుని పూజిత స్విండన్ మాట ఎత్తింది.

"మమ్, ఐ వాంట్ టు లివ్ విత్ పద్మిని అత్త."

పద్మిని కస్తూరికి ఆడపడుచు. భార్యాభర్తలిద్దరూ స్విండన్‌లో ఐటీ ఉద్యోగాలు, పిల్లల్లేరు. పూజితకి సిక్స్త్ ఫామ్, అంటే మన ఇంటర్, సీటు అక్కడ చూస్తానందట. అంటే మాటలు అంతదాకా వచ్చాయన్నమాట. కన్నతల్లికే కబురు ఆఖర్న అందింది.

"ఎందుకు పోతావే? నీకు ఈడ ఏం తక్కువైంది?"

పూజిత పళ్లెంలో అన్నాన్ని ఒక పక్కకి నెట్టింది, మళ్లీ ఇంకో పక్కకి నెట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది దానికి. జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. "ఇట్స్ టూ లౌడ్ హియర్."

కస్తూరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టీవీ పెట్టి ఎన్నాళ్లయిందో. వచ్చేవాళ్లు లేరు, పోయేవాళ్లు లేరు. పక్కింటి పిల్లి గోడ దూకితే వినబడే ఇల్లు. "యాడుంది చప్పుడు? చూపీ" అంది.

పూజిత తల్లి మొహంలోకి చూసింది. పళ్లెం తీసుకెళ్లి సింకులో పెట్టి మేడెక్కి పోయింది. ఆ రాత్రి కస్తూరి గిన్నెలు తోముతూనే ఏడ్చింది. ఉన్న ఒక్క పిల్లా వెళ్లిపోతే ఆ ఇంట్లో తను ఎవరి కోసం పొయ్యి వెలిగించాలి?

శుక్రవారం హాలుకి ఆస్ట్రేలియా నుంచి బ్యాండు వస్తోంది. హాలంటే పూర్వం మేజోళ్ల మిల్లు. మిషన్లు పోయి గిటార్లు వచ్చాయి, గోడలు మాత్రం అవే. వచ్చిన బ్యాండ్లకి వండిపెట్టడం కస్తూరి పని. పచ్చి ఆకులు నమిలేవాళ్లు, పాలు ముట్టనివాళ్లు, చిప్స్ తప్ప ఇంకేదీ ఎరగనివాళ్లు, అందరూ ఆమె చేతి అన్నం తిన్నవాళ్లే. ఈ బ్యాండు పేరు విని మొదట్లో ఆమె ఫక్కుమని నవ్వింది. ఫైవ్ మైల్ బోర్ అట. బోరు మీద పేరు పెట్టుకునేవాళ్లు మా అనంతపురంలో తప్ప ఎక్కడున్నారనుకుంది. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారి ఊళ్లలోని ఆదివాసులు వాళ్లు. అందరూ ఒకే కుటుంబం. తమ భాషలోనే రాక్ పాటలు కడతారు.

ముందు గుమ్మం దగ్గర వాళ్ల పోస్టరు వేసవి నుంచీ ఉంది. నలుగురి మధ్యలో టోపీ పెట్టుకున్న మనిషి, గిటారు పట్టుకుని పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ. కస్తూరి దాని పక్క నుంచే రోజూ కూరగాయల సంచులు మోసుకెళ్లేది. పొద్దున్నే మేనేజరు గ్రాహమ్ వంటింట్లోకి తల పెట్టి చెప్పాడు. "ఆ మధ్యలో ఉన్నతను పోయాడు. వాళ్లు కాస్త బాధలో ఉంటారు, చూసుకో." అంతే చెప్పి పోయాడు.

కస్తూరి మనసు ఒక చోట నిలవలేదు. చనిపోయిన మనిషి బొమ్మ అలా గుమ్మం దగ్గర దిక్కులేకుండా, దీపం లేదు, పువ్వు లేదు. కాఫీ కప్పులు పట్టుకుని జనం దాని ముందు నుంచే పోతున్నారు. మన ఇంట్లో అయితే ఇట్లా వదిలేస్తామా? బెల్‌గ్రేవ్ రోడ్డుకి బస్సెక్కి పోయి, గుజరాతీ ఆవిడ కొట్లో బంతిపూల దండ కట్టించుకొచ్చింది. పోస్టరు పీకి అట్టముక్కకి అంటించి, కిందామీదా తుడిచి, బ్యాండు భోంచేసే గదిలో గోడకి ఆనించింది. దండ వేసింది. కప్పులో చిన్న దీపం, రెండు అగరొత్తులు. వెనక్కి జరిగి చూసుకుంటే మనసు చల్లబడింది. పాపం, వాళ్లు చూసి ఎంత సంతోషిస్తారో అనుకుంది.

చికెన్ కూరా అన్నమూ బల్ల మీద పెట్టేసరికి వాళ్లు వచ్చారు. ముందు నడిచిన పెద్దావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. పూల వైపు చూసింది, పూల మధ్య మొహాన్ని చూసింది. గొంతులోంచి సన్నటి కూత ఒకటి వచ్చింది, అది ఏడుపో మాటో తెలియలేదు. స్వెట్టరు ఎత్తి మొహం కప్పుకుంది. వెనకున్న మగవాళ్లు గిరుక్కున తిరిగారు. అందరిలోకీ చిన్నవాడు, డ్రమ్ములు వాయించే కాల్విన్, ఇరవయ్యేళ్ల వాడు, ఆ నవ్వుతున్న మొహం వైపే చూస్తూ నిలబడిపోయాడు. ఎవరో అతని మెడ చుట్టూ చేయి వేసి బయటికి లాక్కుపోయారు. బయట వాన. ఆ వానలోనే వాళ్లంతా గోడకి మొహాలు పెట్టి నిలబడ్డారు.

కస్తూరి చేతిలో గరిటె అలాగే ఉంది.

గ్రాహమ్ పరిగెత్తుకొచ్చాడు. ఏం చేశావు కస్తూరీ అంటూ అందరూ వినేలా అరిచాడు. పోయినతని బొమ్మ చూపించకూడదనీ, పేరు పలకకూడదనీ, పాత పాటల్లో ఆ గొంతు వినిపించకూడదనీ బ్యాండు వాళ్లు నెలరోజుల కిందటే చెప్పి పంపారట. అది తెలిసినవాడు గుమ్మం దగ్గర పోస్టరు ఎందుకు తియ్యలేదు? ఆ నవ్వు మీదనే టికెట్లు అమ్ముడుపోతున్నాయి మరి. వంటమనిషికి ఒక్క మాట చెప్పినవాడు కాదు. ఇప్పుడు తప్పంతా ఆమె నెత్తిన రుద్దాడు. కస్తూరి దీపం ఆర్పింది. పోస్టరుని ఏప్రన్‌లో బొమ్మ లోపలికి వచ్చేలా చుట్టింది, పూలతో సహా. తల కొట్టేసినట్టు ఉంది ఆమెకి.

కూర చల్లారిపోయాక ఆ పెద్దావిడ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది. జుట్టు తడిసి నెత్తికి అంటుకుపోయి ఉంది. లోపలికి రావచ్చా అని కళ్లతోనే అడిగి, బల్ల దగ్గర కూర్చుని, ఎదురుగా ఉన్న కొత్తిమీర కట్ట లాక్కుని ఆకులు తుంచడం మొదలుపెట్టింది. చేతులకి పని లేకుండా కూర్చోలేని మనిషి.

"నన్ను అందరూ ఆంటీ డెనీస్ అంటారు" అంది ఇంగ్లీషులో.

"నన్నూ ఆంటీ అనే అంటారు" అంది కస్తూరి. "తప్పయిపోయింది. మాలో పోయినవాళ్ల ఫోటోకి దండ వేస్తాం. వెయ్యకపోతేనే తప్పు. నాకు తెలీదు."

"తెలుసు. పూలు చూసి మంచికే చేశావనుకున్నా." డెనీస్ పుచ్చుటాకు ఏరి పక్కన పడేసింది. "వాడు నా తమ్ముడు. ఆ డ్రమ్ములు కొట్టేవాడు వాడి కొడుకు. అన్ని చోట్లా ఒకేలా ఉండదు, మా ఊరి వైపు మాత్రం ఇట్లా. పోయినవాడి పేరు పలకం. బొమ్మలు తిప్పి పెడతాం. పాటలు కూడా పక్కన పెడతాం."

"మీ ఆయన ఉన్నాడా?" అని డెనీస్ అడిగింది.

"లేరు."

"పేరేంటి?"

కస్తూరి ఆ పేరు డాక్టరు క్లినిక్‌లో, కౌన్సిల్ ఆఫీసులో రాసివ్వడమే తప్ప నోటితో చెప్పిన మనిషి కాదు. "మాలో పెళ్లాం మొగుడి పేరు చెప్పదు."

"పోయాకనా?"

"పెళ్లయినప్పటి నుంచీ."

డెనీస్ భుజాలు కదిలేలా నవ్వింది. "అయితే మీరు బతికుండగానే మొదలుపెడతారు. మాకన్నా ముందే ఉన్నారు." కస్తూరికి కూడా నవ్వొచ్చింది. తర్వాత బోర్ల మాట వచ్చింది. అక్కడ బోరు పడ్డ చోట ఊరు పుట్టిందట. అనంతపురంలో బోరు ఎండితే ఊరు ఖాళీ అవుతుందని కస్తూరి చెప్పింది. ఎర్రమట్టి ఇద్దరికీ తెలిసిందే.

కానీ ఒక మాట ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. "పాటలు కూడా పక్కన పెడతారా? గొంతు ఉండి కూడా వినరా?"

"వినం. ఇంట్లో వాడి పాట పెడితే చిన్న పిల్లలు తాతా అంటూ లేచి వెతికారు. మా కాల్విన్ అయితే అన్నం వదిలేశాడు. అట్లా పిలిస్తే వాడు మమ్మల్ని వదిలి పోలేడు. ఇక్కడ ఉన్నవాళ్లూ ఉండలేరు. పారేయడం కాదు సిస్టర్, దాచిపెట్టడం. టైమొచ్చినప్పుడు ఇంటివాళ్లు సరేనంటారు. అప్పుడు తీస్తాం."

ఎంత రాతి గుండెలో వీళ్లవి అనుకుంది కస్తూరి. నిజంగానే కోపమొచ్చింది. దొరక్క ఏడ్చేవాళ్లు ఎందరో ఉంటే, ఉన్న గొంతుని పెట్టెలో పెట్టి మూసుకుంటారా? నేను మాత్రం చచ్చినా ఆ పని చెయ్యను. కొత్తిమీర అంతా వలిచేసి డెనీస్ లేచింది. కూర వేడి చేసి పెడితే అందరూ వచ్చి తిన్నారు. కాల్విన్ రెండోసారి వడ్డించుకున్నాడు, తలెత్తలేదు.

శనివారం సాయంత్రమే ప్రోగ్రాం. మధ్యాహ్నం నుంచి రిహార్సలు. వంటింటి తలుపు తీసుకుని చపాతీలు ఒత్తుతూ కస్తూరి విన్నది. గుండెల్లో దబదబలాడే డ్రమ్ములు, వాటి మీద రెండు గిటార్లు, ఒకటి గరుకుగా గీరుతుంటే ఇంకొకటి దూరంగా దారి పట్టి పోతున్నట్టు. మాటలు అర్థం కాలేదు, భాష వాళ్లది. అయినా ఎండలో లారీ మీద నిలబడి పోతున్నప్పటి గాలి మొహానికి కొట్టినట్టు అనిపించింది. ఒత్తే చేయి ఆ తాళానికి ఎప్పుడు కలిసిందో ఆమెకే తెలియదు.

తర్వాత ఒక పాట వచ్చింది. పల్లవి అందరూ కలిసి పాడారు. చరణం దగ్గర పాట ఆగిపోయింది. ఆగిందంటే వాయిద్యాలు నడుస్తూనే ఉన్నాయి, గొంతులు మాత్రం లేవు. పాడవలసినవాడి జాగా అలాగే ఖాళీగా వదిలేసి, దాని చుట్టూ జాగ్రత్తగా వాయిస్తున్నారు. చరణమంతా అలాగే గడిచింది. మళ్లీ పల్లవికి గొంతులు కలిశాయి. చపాతీ పెనం మీద మాడింది.

"జనం డబ్బులు పెట్టి వచ్చేది ఖాళీ వినడానికా?" గ్రాహమ్ ఎవరితోనో అనడం వినబడింది. ఆమె పట్టించుకోలేదు. టీ వేళయింది. చెయ్యి కడుక్కుని ఇనప మెట్ల మీదికి పోయి ఇంటికి ఫోన్ చేసింది.

మోగింది. టక్కుమంది. "మేం ఇంట్లో లేం..."

లోపల మళ్లీ మొదలైన ఆ పాట సరిగ్గా అప్పుడే చరణం దగ్గరికి వచ్చింది. ఈసారి ఖాళీ లేదు. పెద్ద పెద్ద స్పీకర్లలోంచి ఒక మగ గొంతు హాలంతా నిండిపోయింది. బొంగురు గొంతు, మధ్యలో నవ్వు. ఎవరిదో చెప్పనక్కర్లేదు. పాత రికార్డింగు లోంచి గ్రాహమ్ తీయించి, చెప్పాపెట్టకుండా పాటలో కలిపించాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పు అడిగాడట వెనకటికొకడు.

కస్తూరి ఫోన్ చెవికి పెట్టుకునే తలుపు దాకా వచ్చింది. స్టేజి మీద గిటార్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. డెనీస్ ఉన్నచోటే కింద కూలబడి రెండు చెవులూ మూసుకుంది. కాల్విన్ పారిపోలేదు. డ్రమ్ముల వెనక నుంచి లేచి, చేతిలో కర్రలతోనే, స్పీకరు వైపు తిరిగి నిలబడ్డాడు. పేరు పెట్టి ఎవరో పిలిస్తే ఇటే వస్తున్నా అని చూస్తామే, ఆ చూపు. పిలిచేవాడు కనబడక ఇంకో స్పీకరు వైపు తిరిగాడు.

ఆమె చెవిలో ఆయన గొంతు "వచ్చినాక మేమే చేస్తాం" అంది.

ఒక్కసారిగా ముందుగది కళ్ల ముందు మెదిలింది. స్కూలు నుంచి వచ్చి సోఫాలో కూర్చున్న పిల్ల. పక్కన బల్ల మీద పెట్టె. ఆ పాతకాలపు పెట్టె ఫోన్ చేసినవాళ్లకి ఏం చెబుతుందో ఇంట్లోకి కూడా అదే పైకి చెబుతుంది. రెండేళ్లుగా రోజూ సాయంత్రం తండ్రి గొంతు ఆ పిల్ల పక్కన లేచి మాట్లాడుతోంది. ఫోన్ ఎత్తి ఆపడానికి లేదు, అమ్మ ఎత్తొద్దంది. ఇంట్లో చప్పుడు ఎక్కువ అంటే ఇదా తల్లీ! కస్తూరి ఫోన్ కట్ చేసింది.

నేరుగా సౌండు బల్ల దగ్గరికి నడిచింది. మీటలు తిప్పే తెల్లపిల్ల బిక్కమొహం వేసుకుని గ్రాహమ్ వైపు చూస్తోంది. కానివ్వు, అద్భుతంగా ఉంది అని అతను చేయి ఊపుతున్నాడు. కస్తూరి పిండి అంటిన చేయి ఆ పిల్ల చేతి మీద వేసింది. "ఆపమ్మా" అంది, తెలుగులోనే. పిల్లకి అర్థమైంది. మీట కిందికి లాగేసింది.

"ఇది నీ కిచెన్ కాదు కస్తూరీ" అన్నాడు గ్రాహమ్.

"కాదు. ఆ గొంతు కూడా నీది కాదు."

స్టేజి మీద కాల్విన్ కింద కూర్చున్నాడు. మేనత్త అతని తలని ఒళ్లోకి లాక్కుంది. ఆ గొంతు వేస్తే మేము వాయించం అని గిటారు వాయించేవాడు తాపీగా చెప్పాడు. గ్రాహమ్ అటూ ఇటూ చూసి, బయట టికెట్ల కోసం చేరుతున్న జనం వైపు చూసి నోరు మూసుకున్నాడు.

కస్తూరి మళ్లీ మెట్ల మీదికి వచ్చి మళ్లీ ఇంటికి చేసింది. పూజితకి వేరే ఫోన్ ఉంది, దానికి చేయవచ్చు. కానీ తను మూసిన తలుపు తనే తీయాలనిపించింది. మోగింది. టక్కు. ఆయన గొంతు. "చేస్తాం" అన్నాక ఈసారి పెట్టెయ్యలేదు. ఆయన నవ్వాపుకోవడం ఎందుకో అప్పుడు తెలిసింది. వెనక నుంచి చిన్నపిల్ల గొంతు, కిలకిలా నవ్వుతూ, "ఇంగ్లీష్ డాడీ, సే ఇట్ ఇన్ ఇంగ్లీష్!" అంది. అప్పుడు బీప్.

రెండేళ్లలో ఒక్కసారైనా ఆ నవ్వు దాకా ఆగలేదు ఆమె.

"పూజీ, నేనే" అంది. "ఎత్తు తల్లీ. ఎత్తొద్దన్నది నేనే, ఎత్తు."

తర్వాత గరగరమని చప్పుడు.

"మమ్?"

"రోజూ వింటాండావా నువ్వు?"

"యు హ్యాంగ్ అప్, బట్ ఇట్ డజంట్ స్టాప్." పూజిత ఏడుస్తోంది. నువ్వు పెట్టేసినా అది ఆగదు మమ్ అంది, మొత్తం చెప్పి బీప్ కొట్టాకే ఆగుతుంది అంది. "అండ్ ఐయామ్ లాఫింగ్ ఇన్ ఇట్. ఎవ్రీ డే ఐ హ్యావ్ టు హియర్ మీ లాఫింగ్."

"నాకెందుకు చెప్పలేదే?"

"బికాజ్ యు వర్ హ్యాపీ" అంది పిల్ల. కస్తూరి ఇనప కమ్మీ పట్టుకుని ఏడ్చింది. వచ్చేపోయేవాళ్లు చూస్తారని కూడా అనుకోలేదు.

సాయంత్రం పూజితని హాలుకి రమ్మంది. తల్లీ కూతుళ్లు వంటింటి గుమ్మంలో నిలబడి విన్నారు. ఆ పాట వచ్చింది. చరణం దగ్గర గొంతులు ఆగిపోయాయి. ముందు జనం ఏదో పాడైందనుకున్నారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత నెమ్మదిగా అందరూ నిశ్శబ్దమైపోయారు. అంత పెద్ద హాల్లో గిటారూ డ్రమ్మూ ఒక లేని మనిషి చుట్టూ తిరిగాయి. కాల్విన్ కళ్లు మూసుకుని కొడుతున్నాడు. పూజిత తల్లి చేయి పట్టుకుంది, పల్లవి వచ్చాక కూడా వదల్లేదు.

ఆదివారం పొద్దున బ్యాండు మాంచెస్టర్ వెళ్లిపోయింది. పోతూ డెనీస్ ఏప్రన్‌లో చుట్టిన పోస్టరుని చంకన పెట్టుకుంది. పూలు తియ్యనా అని కస్తూరి అడిగితే, ఉండనీ, వాటి తప్పేముంది అంది.

ఇంటికొచ్చి కస్తూరి ఆ పెట్టె తీగలు పీకింది. మనసొప్పక ఒక నిమిషం ఒళ్లో పెట్టుకుంది. ఆయన డిపోకి వేసుకెళ్లే స్వెట్టరులో చుట్టి సూట్‌కేసులో సర్దింది. పూజిత మంచం మీద కూర్చుని చూస్తోంది.

"ఎన్నాళ్లు?" అంది. తెలుగులోనే అంది.

"నువ్వు తీద్దామన్నప్పుడు తీద్దాం. నువ్వే చెప్పల్ల."

స్విండన్ సంగతి ఆమె అడగలేదు, పిల్ల చెప్పలేదు. పద్మిని ఫోన్ చేస్తే మాత్రం పూజిత తర్వాత మాట్లాడతానంది.

సోమవారం టీ బ్రేక్‌లో కస్తూరి చేతులు కడుక్కుని, ఏప్రన్‌కి తుడుచుకుని, మెట్ల మీద కూర్చుంది. పెట్టె తీసేసిన సంగతి గుర్తొచ్చేలోగానే అలవాటు పడ్డ వేలు నంబరు నొక్కేసింది. మోగుతోంది. టక్కుమనేది లేదు, పెట్టె లేదు. ఇంకా మోగుతోంది. ఇక రాదు ఆయన గొంతు. ఇక ఈ మెట్ల మీద కూర్చునే పనే లేదు. పెట్టేద్దామని చెవి నుంచి తీయబోయింది.

"హలో" అంది పూజిత. పరుగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. "ఇంట్లోనే ఉన్నా. పనేమో చెప్పు."

రెండేళ్లుగా ఈ ఫోనులో, మొన్న శనివారం తప్ప, కస్తూరి వినడమే గానీ మాట్లాడి ఎరగదు.

"తిన్నావా?" అంది.